బ్యారెల్ నట్టుకి కొబ్బరినూనె

ఆ రోజుల్లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునే నాలాంటివాళ్లు దేశం కాని దేశంలో, బెంటన్‌విల్ అనే ఊళ్లో వీధికి నలుగురు ఉండేవాళ్లం. చదివిన చదువు గురించి ఎవరూ అడక్కపోతే మనిషి ఎంత మొహం వాచిపోతాడో ఇప్పుడు చెప్పినా నమ్మరు. అందుకే మా ఇంటి ఓనరు తాత (ఆరడుగుల మనిషి, తెల్ల గడ్డం, మాట తక్కువ) "నువ్వు ఇంజినీరువి కదా, ఒకసారి చూస్తావా" అని తన గరాజ్‌లోకి పిలిస్తే, దేనికని కూడా అడక్కుండా చెప్పుల్లోనే పరిగెత్తాను.

బల్ల మీద రైఫిల్ ఉంది. అప్పటిదాకా నేను తుపాకీని బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు చేతిలో తప్ప చూడలేదు. ఖాళీదేనా అని మూడుసార్లు అడిగితే, మూడుసార్లూ విసుక్కోకుండా తెరిచి చూపించాడు. వాళ్ల నాన్నదట. గొట్టం పాడైతే కొత్తది నట్టుతో సహా తెప్పించాడు గానీ, పాతదాన్ని పట్టి ఉంచే బ్యారెల్ నట్టు ఊడి రావడం లేదు. పానాతో ఎవరో కుస్తీపట్టి దాని గాట్లన్నీ అరగదీశారు (ఆ ఎవరో ఈయనే అని వాళ్లావిడ తర్వాత చెప్పింది). శనివారం మనవరాలు మొదటిసారి వేటకి వస్తోంది, ముత్తాత రైఫిలే కావాలంది. రిపేరు షాపువాళ్లేమో సీజన్ అయ్యాక రమ్మన్నారు.

నాకు భయం పోయి కుతూహలం పట్టుకుంది. అంత చిన్న నట్టు ఎందుకు కదలదు? తుప్పా, జిగురా? పానా జారకుండా ఒక గాటుని ఆకురాయితో సరిచేశాను. ఆ తర్వాత ఇంటికెళ్లి కొబ్బరినూనె తెచ్చాను. మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, తాళం పట్టేసినా, తల నొప్పెట్టినా అదే మందు. గడ్డకట్టిన సీసాని వేడినీళ్లలో పెట్టి కరిగించి మరీ తెచ్చాను. (ఎందుకు కరిగించాల్సి వచ్చిందో ఆ ఇంజినీరుకి తట్టలేదు.) ధారాళంగా పోసి, తెల్లారేదాకా నాననివ్వమని పెద్దమనిషిలా చెప్పి వచ్చాను.

మర్నాడు చూస్తే నవంబరు చలికి నట్టు చుట్టూ తెల్లగా వెన్నలా పేరుకుపోయి ఉంది. తాత వేలితో తీసి వాసన చూసి, "ఇది కేకు మీద క్రీమా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లావిడ హెయిర్ డ్రయ్యర్ అడిగి తెచ్చి, కరిగించి తుడిచేసి వెళ్లిపోదామని ఊదడం మొదలుపెట్టాను. అరగంటకి నూనంతా కారిపోయింది, ఇనుము చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. పోయే ముందు ఒకసారి చూద్దామని పానా తగిలించి లాగితే, నట్టు టక్కుమని కదిలింది.

ఊడదీసి చూస్తే, మరలకి ఎవరో ఎప్పుడో జిగురు పూశారు. వేడికి అది మెత్తబడింది, నూనె చేసిందేమీ లేదు. ఆ మాట నేను చెప్పేలోగానే తాత సీసాని చేతిలోకి తీసుకుని భక్తిగా తిప్పి చూస్తున్నాడు. "మీ దేశంలో అందరూ ఇదే వాడతారా" అని అడిగాడు. అవునన్నాను.

కొత్త నట్టుతో కొత్త గొట్టం ఆయనే కొలతలు చూసి బిగించుకున్నాడు. శనివారం మనవరాలికి జింక కనబడనేలేదట, అయినా సంబరంగానే తిరిగొచ్చింది. తర్వాత నేను ప్లేనో వచ్చేశాను. ఒక చలికాలం ఆయన ఫోన్ చేసి, ట్రాక్టర్ నట్టు పట్టేస్తే నా పద్ధతిలోనే తీశానన్నాడు. ముందు నూనె, రాత్రంతా గడ్డకట్టనివ్వడం, తెల్లారి అరగంట డ్రయ్యర్. ఒక్కటీ వదల్లేదు. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ నా ఇంజినీరింగ్‌కి ఈ దేశంలో దొరికిన ఒకే ఒక్క శిష్యుడాయన. గడ్డకట్టడం మాత్రం తప్పనిసరి అని చెప్పి ఫోన్ పెట్టేశాను.