కవచంలో మంత్రం

“కత్తీ వచ్చు, మంత్రమూ వచ్చు. మరి రెండూ కలిసి పనిచేయకపోవడమేంటే?” అని అక్క, ఆట నడిపించే మరదలిని నిలదీసింది. పళ్ల ఆసుపత్రిలో ఎంత రక్తం చూసినా చలించని ఈ నర్సుకు, ఆదివారం బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ ఆడే ఈ కథలాటలో మాత్రం అరచేతుల్లో చెమటలు పడతాయి. తన యోధుడికి రెండేళ్లుగా మంత్రవిద్య కూడా నేర్పిస్తూ, ఆ పాత్ర వివరాల కాగితం చిల్లులు పడేదాకా చెరిపి రాసుకుంది. కవచం మంత్రానికి అడ్డమన్న నియమం ఒక్కటే చదవలేదు. ఇప్పుడు ఆటలో తమ్ముడి పాత్ర అయిన వైద్యుడు లోయ అంచున వేలాడుతున్నాడు, అక్క యోధుడి మంత్రమే అతన్ని పైకి లాగాలి. పడితే తమ్ముడు ఆరేళ్లుగా పెంచుకున్న పాత్ర ఇక లేనట్టే.

“ఇనుప కవచంలో మంత్రం పారాలంటే ఈ ఇరవై ముఖాల పాచిక మీద పదిహేను దాటాలి వదినా,” అంది మరదలు.

అక్క కళ్లు గట్టిగా మూసుకుని విసిరింది. పాచిక దొర్లుకుంటూ బీరువా కిందికి పోయింది.

“నువ్వెళ్లి చూడరా తమ్ముడూ,” అంది. “తక్కువ పడితే మాత్రం వెంటనే చెప్పకు. దొరకనట్టు కాసేపు వెతుకుతూ ఉండు.”