చెవికి తెలిసే కత్తి

మా బాపుకు కాలి వేలు ఒకటి లేదు. రెండేళ్ళ కిందట చెప్పులో మొల లేచి వేలి కింద దిగితే ఆయనకు తెలియలేదు. పొలం నుంచి ఇంటిదాకా అలాగే నడిచి వచ్చాడు. గచ్చు మీద ఎర్రటి అచ్చులు చూసి అమ్మ కేక వేస్తే, "ఎవల్దే గా నెత్తురు?" అని ఆయనే అడిగాడు. షుగర్ ముదిరితే కాళ్ళూ చేతులూ మొద్దుబారతాయని, దెబ్బ తగిలినా తెలియదని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు. పుండు మానలేదు. నెల తర్వాత ఆ వేలు తీసేశారు.

అప్పటి నుంచి మా ఇంట్లో పదునుగా ఉన్న ప్రతి వస్తువుకూ నేను కాస్త మర్యాద ఇస్తున్నాను. భయం అనను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి భయం అంటే బాగుండదు.

ఆ మర్యాదలో పెద్దపీట బాపు జేబు కత్తిది. కొమ్ము పిడి ఉన్న మడత కత్తి. నాకంటే పెద్దది, ఇంట్లో నాకంటే మాట చెల్లేది. బోధన్ దగ్గర నిజాంసాగర్ కాలువ కింది మా పొలంలో ఇప్పుడంతా వరే. గట్టు వెంట నాలుగు సాళ్ళ చెరుకు మాత్రం మనవల కోసం ఉంచాడు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ కత్తితో చెరుకు చెక్కి, ముక్కలు కోసి పిల్లలకు పెడతాడు. ఒక ముక్క తన నోట్లోకి పోతుంది. అది మేమెవ్వరం చూడం.

ఈ చలికాలంలో కత్తి స్ప్రింగు వదులైంది. తెరిచిన బ్లేడు నిలవదు. చెక్కుతూ ఉండగానే మడుచుకుని వేళ్ళ మీదికి వస్తుంది. ఒకసారి నా కళ్ళముందే బొటనవేలికి గోరంత దూరంలో వాలింది. బాపు నవ్వాడు. "దీనికి గుడ ముసల్తనమొచ్చింది."

నాకు నవ్వు రాలేదు. కాలి వేలు పోతే మనిషి కుంటుతూనైనా నడుస్తాడు. చేతి వేలు తెగితే, ఆ పుండూ మానకపోతే? బియ్యం డబ్బాలో కత్తి దాచాను. బాపు వెతకలేదు, కొడవలి తీసుకున్నాడు. అరగంటలోపే కత్తిని డబ్బాలోంచి నేనే బయటికి తీశాను. కూరగాయల పీలర్ కొనిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గడ్డం గీసుకునేదారా గిది?" అన్నాడు.

"కత్తి బాగు చేయించుకొస్త బాపు," అన్నాను చివరికి. అది అబద్ధం. ఇక బాగు కాదని పనివాడి నోట అనిపించుకుని రావాలన్నది నా ఆలోచన. నా మాట వినని మనిషి పనివాడి మాట వింటాడు.

బోధన్ బస్టాండులో ఇద్దరు పోలీసులు చాయ్ తాగుతున్నారు. జేబులో కత్తి ఉన్న మనిషి మామూలుగా ఎలా నడుస్తాడో గుర్తు తెచ్చుకుంటూ నడిచాను. వాళ్ళు చూడలేదు. నేనే వాళ్ళిద్దరికీ నమస్కారం పెట్టాను.

నిజామాబాద్‌లో ఒక సందులో సాన పట్టే చాచా ఉన్నాడు. బీడీ ఆకు కత్తెరలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు నాకంటే ముందే కూర్చున్నారు.

"చాచా, ఇది బాగు కాదు కదా?" అని కత్తి చాపాను.

ఆయన చెయ్యి చాపలేదు. "కింద వెట్టు సార్. కత్తి చేతుల నుంచి చేతులకు ఇస్తే లడాయి అయితది. ఇగ బాగైతదో కాదో నన్ను సూడనియ్యి. నువ్వే డాక్టరు, నువ్వే పంచనామా అంటె ఎట్ల?"

గోనెసంచి మీద పెట్టాను. ఆయన తీసుకుని పిడి తడిమాడు.

"ఎవరిది?"

"నాదే."

పీట కిందినుంచి చెరుకు ముక్క తీసి, ఇంకో కత్తి నా ముందు పెట్టాడు. "జర చెక్కు సార్, నీ పట్టు సూస్త."

చెక్కాను. కత్తెరల అక్క ఒకామె కాసేపు ఓర్చుకుంది. "సారు చెక్కుతుంటె చెరుకే బయపడుతున్నది," అంది రెండో ఆమెతో.

"నీది కాదు," అన్నాడు చాచా. "పిడి ఎడమచేతి దిక్కు అరిగింది. నువ్వు కుడిచేతోడివి."

ఇక దాచలేదు. పోయిన వేలు సంగతీ, మొద్దుబారిన చేతుల సంగతీ చెప్పాను. "బాగు కాదని ఒక్క మాట అనండి చాచా. ఫోన్‌ల మా బాపుకు చెప్పండి, చాలు."

ఆయన కత్తి తెరిచి, మూసి, స్ప్రింగు నొక్కి చూశాడు.

"బాగయ్యేదాన్ని కాదంటె ఎట్ల సార్? సరే, కాదనే అంట. ఆయన ఏం పట్టుకుంటడు మరి?"

కొడవలి గుర్తొచ్చింది.

"నాకు గుడ షుగరే," అని తన వేళ్ళ కొసలు చూపించాడు. అన్నీ నల్లగా, బండగా ఉన్నాయి. "వీటికేం తెల్వది. నేను చెవితోని పని చేస్త."

పాత రంపం ముక్కను అరగదీసి కొత్త స్ప్రింగు చేశాడు. స్ప్రింగు మీద నేను గంటసేపు పాఠం చెప్పగలను. ఆయన పాఠం లేకుండానే బిగించాడు. ఇత్తడి మేకు కొట్టాడు. మొన గుండ్రంగా అరగదీశాడు. తెరిచాడు: టక్. మూశాడు: టక్.

"టక్‌మంటె నిలిచినట్టు. అనకపోతె నిలువనట్టు. చేతికి తెల్వకున్నా చెవికి తెలుస్తది. ఆయనకు గిదే చెప్పు."

నాచేత ఇరవైసార్లు తెరిపించాడు. పదహారోసారి చప్పుడు సన్నగా వచ్చినట్టుంది. నాకైతే తేడా తెలియలేదు. మేకు ఊడదీసి మళ్ళీ మొదటినుంచి బిగించాడు. కత్తెరల అక్కలు నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

"వారం దినాలకు మల్ల రా. నువ్వు కాదు, ఆయనను తోల్కరా. ఆయన పట్టు సూసి సక్కగ చేసిస్త."

సాయంత్రం బాపుకు కత్తి ఇచ్చాను; చేతికి కాదు, అరుగు మీద పెట్టాను. చప్పుడు సంగతి చెప్పాను. రెండుసార్లు తెరిచి మూసి తల ఊపాడు. నేను లోపలికి వచ్చి పేపరు పట్టుకున్నాను.

టక్.

చెరుకు చెక్కుతున్న గరగర. పిల్లల నవ్వులు. తర్వాత ఏమీ లేదు. గరగరా లేదు, నవ్వులూ లేవు, రెండో టక్కూ లేదు. గచ్చు మీద ఎర్రటి అచ్చులు కళ్ళముందు కదిలాయి. ఎప్పుడు లేచానో, గడప ఎప్పుడు దాటానో తెలియదు.

బాపూ, పిల్లలిద్దరూ నోటినిండా చెరుకుతో నా వైపు చూస్తున్నారు. తెరిచిన కత్తి బాపు ఒళ్ళో ఉంది.

"ఏమి సారూ, పరీక్షలకు డ్యూటీ పడ్డదా?" అన్నాడు బాపు నోట్లో చెరుకు బుగ్గలోకి నెట్టి. చేతులు రెండూ నా ముందు చాపాడు. "లెక్కవెట్టుకో."

సిగ్గుపడకుండా లెక్కపెట్టాను. పది.

కత్తి మూశాడు. టక్.

వారం తర్వాత ఇద్దరం చాచా దగ్గరికి వెళ్ళొచ్చాం. చాచా ఆయన పట్టు చూసి పిడి కొంచెం అరగదీశాడు. వాళ్ళిద్దరూ షుగర్ గోలీల గురించి నన్ను పక్కన పెట్టి మాట్లాడుకున్నారు. ఇప్పుడు రోజూ సాయంత్రం నేను ముందుగదిలో పేపరు చదువుతున్నాను. ఇంట్లో అందరూ అలాగే అనుకుంటారు. మొదటి టక్కుకూ రెండో టక్కుకూ మధ్య ఇప్పటిదాకా ఒక్క పేజీ తిప్పలేదు.