ఓబుళమ్మ చేతి మీద నల్లచుక్క

ఆ మంగళవారం పొద్దున రాగిపిండి అంటిన చేతులు కడుక్కుంటుంటే ఓబుళమ్మకు కుడి మణికట్టు మీద ఒక నల్లచుక్క కనిపించింది. తమలపాకంత తెల్లమచ్చ నడుమ, ఆవగింజలో సగం కూడా లేని చుక్క. పిండేమోనని నీళ్ళు పోసింది, పోలేదు. పొయ్యి మసేమోనని సబ్బు పెట్టి రుద్దింది, పోలేదు. గుమ్మంలోకొచ్చి వెలుతురులో చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. చుక్క కదలకుండా అక్కడే ఉంది.

కొంగు బొడ్లో దోపుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, ఎదురుగా ఉన్న సరోజమ్మ అంగడికి పరుగు తీసింది.

సరోజమ్మది మూడు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆమె అద్దాలు పెట్టుకుని, ఆ చెయ్యి దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. తర్వాత పగలబడి నవ్వింది.

"పొద్దున లేస్తే తెల్లగయ్యే క్రీము ఉండాదా అని అడిగేవాళ్ళేనమ్మా నా అంగట్లో. నల్లగయినానని చెప్పులు మరిచి పరిగెత్తుకొచ్చినదాన్ని నిన్నే చూస్తా ఉండాను" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, ఒక కర్పూరం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఆ చుక్కకు అంత సంబరం ఎందుకో తెలియాలంటే ఓబుళమ్మ సంగటి సంగతి చెప్పాలి.

కదిరి పక్క పల్లె నుంచి ఓబుళమ్మ, ఆమె భర్త చెన్నయ్య వచ్చి తొమ్మిదేళ్ళయింది. సర్జాపుర రోడ్డులో లేస్తున్న అపార్ట్‌మెంట్లలో అతను కడ్డీలు కట్టేవాడు, ఆమె ఇటుకలు మోసేది. తమవైపు నుంచి పనికొచ్చిన మగవాళ్ళు మధ్యాహ్నం పూట సంగటి కోసం మొహం వాచిపోవడం చూసి, ఇటుకలు మాని రేకుల షెడ్డులో పొయ్యి పెట్టింది. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, ఏదో ఒక పప్పు. తెడ్డుతో కెలికి, చెయ్యి తడుపుకుని ముద్ద చేసిందంటే ఎక్కడా పగులుండేది కాదు. మొదటి ముద్ద నరసింహస్వామి పటం ముందు పెట్టి, ఆ ప్రసాదాన్ని పెద్ద మేస్త్రీ నారాయణప్ప కంచంలో వేసేది. అందరిలోకీ వయసులో పెద్దాయన కాబట్టి. ఆ తర్వాతే మిగతావాళ్ళకు.

అట్లాంటి చేతి మీద మచ్చ లేచింది. నూనె చింది కాలిందనుకుంది. అది పాకింది. ఒకనాడు వరుసలో కూర్చున్న మనిషి ఒకడు ఆమె మణికట్టు వైపు చూసి, కంచం పక్కన పెట్టి లేచిపోయాడు. మర్నాడు ఇంకో ఇద్దరు రాలేదు. బొల్లి అన్న మాట ఎవరూ పైకి అనలేదు గానీ, అది ఆమె చెవిలో మోగుతూనే ఉంది.

ఆ రోజు నుంచి సంగటిలో చెయ్యి పెట్టలేదు. మణికట్టుకు గుడ్డ చుట్టుకుని పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ముద్దలు చెన్నయ్య చేసేవాడు. లారీ చక్రానికి అడ్డం పెట్టే రాళ్ళలా ఉండేవి అవి. స్వామి ముందు పెట్టేది కూడా ఆ రాయే. నారాయణప్ప మాత్రం మారు మాట్లాడకుండా తినిపోయేవాడు. తన మచ్చ సంగతి ఆయనకు తెలుసో తెలీదో ఓబుళమ్మకు అంతు చిక్కేది కాదు. మళ్ళీ తన చేత్తో పెడితే ఆ పెద్దాయన కూడా కంచం పక్కన పెట్టేస్తే? ఆ తలపుకే ఆమెకు నిద్ర పట్టేది కాదు.

చివరికి సరోజమ్మే అంగడి మూసి మరీ గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ శిరీష వట్టి చేతులతో ఆమె చెయ్యి పట్టుకుంది. అన్ని నెలల తర్వాత పరాయి మనిషి ఒకరు ఆ మచ్చను తాకడం అదే మొదలు. ఇది అంటుకునేది కాదని, ఈ చేత్తో వండినా పెట్టినా ఎవరికీ ఏమీ కాదని చెప్పింది. భూతద్దంతో చూసి, మచ్చలో వెంట్రుకలు ఇంకా నల్లగానే ఉన్నాయంది.

"రంగుకు విత్తనం లోపల బతికే ఉందమ్మా. మొలిచిందంటే వెంట్రుక మొదట్లో చుక్కలా మొలుస్తుంది. చేతుల మీద మాత్రం ఆలస్యమవుతుంది, ఓపిక పట్టాలి."

మచ్చ మీద రాయడానికి మందిచ్చి, రాశాక రోజు మార్చి రోజు ఐదు నిమిషాలు పొద్దుటి ఎండ చూపించమంది. అంతకు మించొద్దంది.

ఓబుళమ్మకు లోలోపల నవ్వొచ్చింది. నడినెత్తిన ఎండ పెట్టుకుని ఏళ్ళ తరబడి ఇటుకలు మోసినదానికి ఐదు నిమిషాలా? అది హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళ లెక్క అనుకుంది. ఐదు నిమిషాలకు ఒక చుక్క మొలిస్తే, గంటకు చేనంతా మొలవదా? మందు రాసుకుని, పది గంటల ఎండలో గంటసేపు చెయ్యి చాపుకుని కూర్చుంది. మర్నాటికి మచ్చ నిండా బొబ్బలు.

డాక్టరమ్మ తిట్టలేదు. మచ్చ చుట్టూ ఉన్న నల్లటి చర్మం మీద చెయ్యి ఆనించి చూసింది. ఇక్కడ కూడా కాలిందని, నలుపులో ఎరుపు తేలిగ్గా కనబడదు కాబట్టి వేడి చూసి పట్టుకోవాలని చెప్పింది. తర్వాత నెమ్మదిగా అంది: "మీ నలుపు ఒక గొడుగమ్మా. దాని కింద నిలబడే ఇన్నేళ్ళూ ఎండకు ఓర్చుకున్నారు. ఈ మచ్చకు గొడుగు లేదు. పైగా మందు రాస్తే ఎండ ఇంకా తొందరగా కాలుస్తుంది."

పుట్టిన దగ్గర్నుంచి నల్లదానా అనిపించుకున్న ఓబుళమ్మ ఆ మాట మూట కట్టుకున్నట్టు ఇంటికి తెచ్చుకుంది. ఇన్నాళ్ళూ దేవుడు తన నెత్తిన గొడుగు పట్టాడని తనకే తెలీలేదు.

పుండ్లు మానాక మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పద్ధతి చెన్నయ్యది. మూడో అంతస్తు మీద నుంచి ఫోనులో టైము చూసి, ఐదు నిమిషాలు కాగానే కడ్డీ మీద కడ్డీతో టంగుమని కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే ఆమె చెయ్యి కొంగులో దాచుకుని లోపలికి పోయేది. అతను జ్వరమొచ్చి వారం పడుకున్నప్పుడూ ఆ చప్పుడు ఆగలేదు, తోటి కూలీ ఎవరికో అప్పజెప్పాడనుకుంది. నెలలు గడిచాయి. అప్పుడు, ఆ మంగళవారం, చుక్క.

అంగడి నుంచి తిరిగొచ్చి కర్పూరం వెలిగించింది. గుడ్డ చుట్టుకోలేదు. మధ్యాహ్నం చెన్నయ్య చెయ్యి తడుపుకోబోతే పక్కకు జరగమంది. ఏడు నెలల తర్వాత వేడి సంగటి అరచేతికి తగిలితే ఒళ్ళంతా పులకరించింది. గుండ్రంగా, పగులు లేకుండా ముద్ద తిరిగింది. స్వామి ముందు పెట్టి, తీసుకుని, నారాయణప్ప ముందుకు నడిచింది. వరుసలో తలలన్నీ ఆమె చేతి వైపు తిరిగాయి. తెల్లమచ్చ గుమ్మంలోంచి పడే ఎండలో మెరుస్తోంది.

నారాయణప్ప ముద్దను చూడలేదు. మణికట్టు వైపు వంగి, కళ్ళు చికిలించి వెతికాడు.

"యాడుంది పాపా చుక్క? సరోజమ్మ ఊరంతా చాటింది."

ఓబుళమ్మ వేలితో చూపించింది. "అన్నా, నీకు ముందే తెలుసా?" అంది.

"చెన్నయ్య జ్వరమొచ్చి వారం పడుకున్నెప్పుడు కడ్డీ ఎవురు కొట్టినారనుకుంటివి?" అని కంచం ముందుకు చాపాడు. "ఎయ్యి. నీ మొగుడు చేసిన ముద్దలు తిని ఏడు నెలలు బతికినోణ్ణి, ఇది నన్నేం చేస్తాది?"

వరుసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది చెన్నయ్యే. ఓబుళమ్మ ముద్ద వేసింది. ఆయన అందులో గుంట చేసి, పప్పు పొయ్యమన్నాడు.

కంచం పక్కన పెట్టి పోయిన మనిషి ఆ రోజూ రాలేదు. తర్వాతా రాలేదు. మానేసిన ఇద్దరిలో ఒకడు మాత్రం నవ్వులు విని గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఓబుళమ్మ చెయ్యి తడుపుకుని, అతని ముద్ద మొదలుపెట్టింది.