సోడా తాగిన గ్లాసు

హోటల్లో నా ఖాళీ గ్లాసు తీసుకుపోతుంటే ఆయన గుర్తొస్తాడు.

పంతొమ్మిది వందల అరవైల్లో, బెంగళూరు నుంచి వస్తున్న రైల్లో, హిందూపురం దాటాక ఇద్దరు రైతులు పట్నం హోటళ్ళ మీద వాదనకు దిగారు. తిండి రుచని ఒకరు, బీరు బారులు సంసారాలు కూలుస్తున్నాయని మరొకరు.

"నువ్వేమంటావప్పా?" అని మూలనున్న ముసలాయన్ని అడిగారు.

"నేను తాగను సామీ. అయినా ఒకతూరి పట్నంలో బారుకు పోయి సోడా తాగినా. మా ఊరి హోటల్లో మా కులమోళ్ళు తాగిన గ్లాసు మేమే కడిగిపెట్టాల. ఆడ నా గ్లాసు వాళ్ళే కడిగిరి."



పెనుకొండలో అందరం కిటికీలోంచి టీ తీసుకున్నాం. ఖాళీ గ్లాసులు మేం కడగకుండానే అందించాం. ఆయన మాత్రం తన చెంబులో నీళ్ళతో కడిగి ఇచ్చాడు.

టీ అమ్మేవాడు ఆయన కులం అడగనే లేదు.