కోరాపుట్‌లో పిన్ని సైకిలు సీటుకు మీట బిగించడం

విజయనగరం నుంచి కోరాపుట్ వెళ్లేవాళ్లలో చాలామంది జలపాతాల కోసమో, చలి కోసమో వెళతారు. నేను వెళ్లింది గాజంత ఉన్న ఒక అల్యూమినియం పట్టీని సైకిలుకు బిగించడానికి. పార్సిల్లో పంపేయవచ్చు కదా అని ఆఫీసులో నవ్వారు. పంపవచ్చు, కానీ అది సరిగ్గా పట్టుకుంటుందా లేదా అన్నదాని మీద మా పిన్ని ఉద్యోగం ఆధారపడి ఉంది. అలాంటి పని నేను ఇంకొకరి చేతికి వదలను.

మా బాబాయి కోరాపుట్‌లో వీధులకు నీళ్లు వదిలే వాల్వులు తిప్పుతాడు. తెల్లవారకముందే సైకిలు మీద బయలుదేరి ఆరింటికల్లా ఇల్లు చేరతాడు. పిన్ని ఈ మధ్యే ఊరి చివర గట్టు మీదున్న ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. ఆరున్నరకు పొయ్యి వెలగాలి, ఆ వేళకు అటు ఆటోలు ఉండవు. అంటే బాబాయి దిగిన సైకిలే పిన్ని ఎక్కాలి. ఆయన బాగా పొడుగు, ఈవిడ ఆయన భుజం దాకా కూడా రాదు. సీటు దించాలంటే పానా పెట్టాలి, తుప్పు పట్టిన బోల్టు దాని ఇష్టం వచ్చినప్పుడే కదులుతుంది. ఒకరోజు హడావిడిలో దించకుండానే ఎక్కి, వాలులో కాలు నేలకు అందక పడింది. మోచేయి గీసుకుపోయింది. ఇంకొక్కసారి పడితే సైకిలు ముట్టుకోవద్దని బాబాయి తేల్చి చెప్పాడు. నలభై దాటాక పట్టుబట్టి సైకిలు నేర్చుకున్న మనిషి ఫోనులో ఏడిస్తే నాకు ఒళ్లు మండింది. ఒక బోల్టు మా పిన్నిని ఇంట్లో కూర్చోబెట్టడమేమిటి?

దీనికి విరుగుడు నాకు తెలుసు, నా సైకిలుకు ఉన్నదే. క్విక్ రిలీజ్ క్లాంపు అంటారు. పానా అక్కర్లేదు, మీట తెరిస్తే సీటు వదులవుతుంది, మూస్తే బిగుస్తుంది. పాత నల్ల సైకిళ్లలో సీటు పట్టు ఫ్రేమ్‌కే అతికి ఉంటుంది కాబట్టి వాటికి ఇది ఎక్కదు. బాబాయిది పట్టీ విడిగా వచ్చే కొత్త తరహా సైకిలు. ఇక కొలత. ఫ్రేమ్ గొట్టం పైకొస చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరిచి ఫోటో పంపమన్నాను. "జాకెట్టు సేతికి కొలతెట్టినట్టే ఎట్టేను, సూసుకో," అంది పిన్ని. సరిగ్గా పది సెంటీమీటర్లు వచ్చింది. లెక్క వేస్తే గొట్టం వెడల్పు ముప్పై రెండు మిల్లీమీటర్లకు ఒక పిసరు తక్కువ. ఆ సైజుదే విశాఖలో కొన్నాను.

విజయనగరంలో పొద్దున రైలెక్కి పది ప్రాంతంలో రాయగడలో దిగాను. అక్కడి నుంచి కోరాపుట్‌కు రైలు ఉంది, సొరంగాలూ వంతెనలూ చూడాలనుకునేవాళ్లు దాన్నే ఎక్కండి. నాకు వేళ కుదరక బస్సెక్కాను. లక్ష్మీపూర్ మీదుగా నాలుగు గంటల దారి, వంపులు ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్లు ముందు సీటు పట్టుకోవాలి. లక్ష్మీపూర్‌లో బస్సు ఆగినప్పుడు వేడి బరా, ఘుగుని తిన్నాను. మన గారెలూ బఠాణీ కూరా అనుకోండి, ముప్పై రూపాయల్లో కడుపు నిండింది. క్లాంపును సంచిలోంచి తీసి మరోసారి చూసుకుంటుంటే కండక్టరు ఆగాడు.

"ఏటమ్మి, ఒక్క గాజే కొన్నావు? రెండోదేదీ?"

"గాజు కాదన్నా. సైకిలు సీటు ఊగకుండా పట్టుకునేది."

"అలాగయితే మా సీట్లకీ తలోటి ఎట్టీ. ఆకరి వరస మొత్తం ఊగిపోతంది."

మూడింటికి ఇల్లు చేరాను. పెరట్లో కాళ్లు కడుక్కోబోతే, బాబాయి అప్పుడే కట్టి వెళ్లిన కుళాయి బొట్లు బొట్లుగా కారుతూ ఉంది. "అది ఇంతేలే, ఒగ్గీ," అంది పిన్ని. "ఎన్ని వాసర్లు మార్సినా ఆగదు. ఊరందరికీ నీళ్లొదిలీవోడి ఇంట్లో కుళాయిది."

బాబాయి సైకిలును గోడకు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పానా ఎట్టి తిప్పితే తిరుగుతాది కదా. దీనికోసం అంత దూరం నుంచి రావాలేటి?"

"నీకు తిరుగుతాది. నాకు తిరగదు," అంది పిన్ని.

నేను పని మొదలుపెట్టాను. పాత బోల్టు వదులు చేసి సీటును పైపుతో సహా పైకి లాగేశాను. పాత పట్టీని చెక్క ముక్క ఆనించి మెల్లగా కొట్టి తీశాను. తుప్పును గరుకు కాగితంతో రుద్ది, గొట్టం లోపల కొంచెం గ్రీజు రాశాను. కొత్త క్లాంపును తొడిగి, దాని చీలికను సరిగ్గా ఫ్రేమ్ చీలిక మీదికి తెచ్చాను. ఈ రెండూ కలవకపోతే పట్టు సరిగ్గా ఉండదు. సీటు దింపి, మీట సగం మూసేసరికి చేతికి గట్టిగా తగిలేలా అవతలి మరను సరిచేశాను. పూర్తిగా మూస్తే అరచేతిలో అచ్చు పడాలి, పడింది. పిన్ని తన గోళ్ల రంగు తెచ్చి సీటు పైపు మీద రెండు గీతలు గీసింది, ఒకటి ఆయన ఎత్తుకు, ఒకటి తన ఎత్తుకు.

ముందు సీటును బాబాయి గీతకు ఎత్తి నేనే మీట మూసి ఇచ్చాను, ఆయన వీధి చివరిదాకా వెళ్లొచ్చి బాగానే ఉందన్నాడు. తర్వాత పిన్ని గీతకు తానే దించి ఇచ్చాడు. పిన్ని పది ఇళ్లు దాటిందో లేదో సీటు కిందికి జారి పక్కకు తిరిగింది. కాలు ఆనించి ఆపుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మళ్లీ పడేదే.

"సెప్పేనా నేదా?" అన్నాడు బాబాయి, గొంతు పెంచి. "ఈ సోకు సామాన్లు మన ఎత్తుపల్లాలకి ఆగవు. రేపట్నుంచి నువ్వు ఎల్లొద్దు. మానీ."

 పిన్ని కొంగుతో సీటు తుడుస్తూ నిలబడింది. నాకు నా పని మీద అనుమానం మాత్రం రాలేదు. నేను బిగించినది జారదు. మరి ఎవరు బిగించినది జారింది?

"బాబాయ్, ఇందాకటిలాగే మళ్లీ ఒకసారి బిగించు," అన్నాను. మీటను గట్టిగా చివరిదాకా మూశాడు. ఆ వెంటనే వేలెడంత వెనక్కి తీశాడు.

"అదేమిటి, మూసినదాన్ని మళ్లీ ఎందుకు తీశావు?"

"తియ్యాల కదే. వాల్వు సక్రం ఆకరి దాకా తిప్పి, పావు ఎనక్కి ఒగ్గాల. నేపోతే పట్టేస్తాది. పట్టేసిందంటే వీదికి నీళ్లు నేవు." అంటూనే ఆగిపోయాడు. తన చేతికేసి తానే చూసుకున్నాడు.

పిన్ని పెరట్లో కుళాయి వైపు తిరిగింది. తర్వాత ఆయన వైపు. "అయితే ఇన్నేళ్లూ వాసరు తప్పు కాదన్న మాట," అంది. ముందు తనే నవ్వింది, తర్వాత నాకూ ఆగలేదు. బాబాయి ఉడుక్కున్నాడు కానీ సీటు దగ్గరినుంచి కదల్లేదు. పదిసార్లయినా తెరిచి మూసి ఉంటాడు. సగంసార్లు చెయ్యి పాత అలవాటుకే పోయింది.

మర్నాడు పొద్దున ఆరింటికి మంచులోంచి బాబాయి వచ్చాడు. ఎవరూ అడగకముందే సీటును కింది గీతకు దించి మీట మూశాడు. చెయ్యి దాని మీదే కాసేపు ఉండిపోయింది. తర్వాత రెండు చేతులూ స్వెట్టరు జేబుల్లో పెట్టేసుకున్నాడు. పిన్ని సీటును మోచేత్తో అదిమి చూసి ఎక్కింది. వాలు దాటి, మలుపు తిరిగి, గట్టు దారిలో కనిపించినంతసేపూ ఆయన అక్కడే నిలబడ్డాడు.

"అది పడ్డ మర్నాడు నాను రెండు వీదులకి నీళ్లొదలడం మర్సిపోయేనే," అన్నాడు నాతో. "బయమేసింది. అంతే."

తిరుగు ప్రయాణంలో రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని సొరంగాలు చూస్తూ వచ్చాను. ఒక్కో సొరంగం దాటగానే లోయంతా పచ్చగా తెరుచుకుంటుంది, ఆ దారి ఒక్కసారైనా చూడాల్సిందే. నాకు మాత్రం ఎక్కువసేపు జేబుల్లో పెట్టుకున్న ఆ రెండు చేతులే గుర్తొచ్చాయి. పిన్నిని ఇంట్లో ఆపాలనుకున్నవీ అవే, వెళ్లనిచ్చినవీ అవే. రాయగడ చేరకముందే పిన్ని నుంచి ఫోను వచ్చింది, పిల్లలకు ఉప్మా అయిపోయిందట, పప్పు పొయ్యి మీదుందట.

మీరూ ఈ క్లాంపు కొనాలనుకుంటే కొలత సీటు పైపుకు కాదు, బయటి ఫ్రేమ్ గొట్టానికి దారం చుట్టి తీసుకోండి. బిగించేటప్పుడు మీటను చివరిదాకా మూసి, చెయ్యి తీసేయండి.