మందార పుష్పం, నిలువుకోత

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఇకమీదట మెషీనే చేసేస్తుందని మా మేనేజర్ చల్లగా చెప్పింది. దేశం కాని దేశంలో, బర్నబీలోని ఆ ఆఫీసులో టెస్టింగ్ అంటే నేనే. కొత్తగా ఒక డిజైన్ టీమ్ పెడుతున్నారట, పాతవాళ్లలో కొందరికే అందులో చోటట, మిగిలినవాళ్లకు నమస్కారమట. ఎవరెవరో తేల్చడానికి ఒక వర్క్‌షాప్ పెట్టారు. "క్రియేటివ్‌గా ఆలోచించేవాళ్లు కావాలి" అందావిడ. నాకు ఒళ్లు మండింది. ఎక్కువ ఆలోచించకుండా బట్టీ కొట్టినందుకే కదా నాకు ర్యాంకు వచ్చింది, ఆ ర్యాంకు వల్లే కదా ఇంత దూరం వచ్చాను!

వర్క్‌షాప్ నడిపే ఆవిడ జుట్టుకి ఊదారంగు వేసుకుని వచ్చింది. అందరికీ తలో కాగితం, రంగు క్రేయాన్లు పంచింది.

"మీకు తోచిన బొమ్మ వెయ్యండి. దానివల్ల ఏ ఉపయోగమూ ఉండకూడదు."

ఉపయోగం లేని పని చేస్తే మా ఇంట్లో వీపు విమానం మోత మోగేది. చుట్టూ అందరూ కొండలూ కుక్కలూ గీసేస్తున్నారు. నాకు మాత్రం ఏమీ తోచలేదు. కాసేపటికి చెయ్యి దానంతట అదే కదిలింది. స్కేలు లేదు కాబట్టి ఐడీ కార్డు అంచు పెట్టి గీతలు గీశాను. కీలాగ్రం, కేసరాలు, అండాశయం, రక్షక పత్రాలు. పేర్లన్నీ కుడివైపే, ఒక్క గీతా ఇంకో గీతని దాటలేదు. కింద "మందార పుష్పం, నిలువుకోత" అని రాసి అండర్‌లైన్ కూడా చేశాను.

పక్కన కూర్చున్న వరంగల్ అబ్బాయి తొంగి చూశాడు. "అక్కా, టెన్త్ రికార్డు దింపేసినవా?" అన్నాడు. వాడి కాగితం లాక్కుని చూస్తే మానవ జీర్ణవ్యవస్థ! పెద్దపేగు వంకరలతో సహా. ఇద్దరం టేబుల్ కింద తల పెట్టి నవ్వుకున్నాం.

ఊదారంగు జుట్టావిడ వచ్చి నా బొమ్మ మెచ్చుకుంది. నేను పొంగిపోయి, "మా ఊళ్లో ఏ టెన్త్ క్లాసు పిల్లనడిగినా అచ్చం ఇలాగే వేస్తుంది" అన్నాను. అన్నాక తెలిసింది, నా గొయ్యి నేనే తవ్వుకున్నానని. మేనేజర్ అక్కడే నిలబడి వింటోంది.

"మరి ఈ పాఠం చదవకముందు, ఈ పువ్వుతో ఏం చేసేదానివి?" అని అడిగింది ఊదారంగు జుట్టావిడ.

పోతే పోయింది ఉద్యోగం అనుకుని లేచాను. ఎర్ర క్రేయాన్ పూసిన కాగితం ముక్క చింపి, నాలుకతో తడిపి, ముక్కు మీద అంటించుకున్నాను. "కొక్కొరోకో!" అన్నాను, గొంతెత్తి. మందార రెక్కని మొదట్లో చీలిస్తే జిగురొస్తుందనీ, అది ముక్కుకి అంటించుకుని కోడిపుంజులమై ఒకళ్లనొకళ్లు పొడుచుకునేవాళ్లమనీ, పువ్వు అడుగున తేనె పీల్చేవాళ్లమనీ చెప్పాను. ముందు వరంగల్ అబ్బాయి పకపకా నవ్వాడు. కాసేపటికి అందరి ముక్కుల మీదా ఎర్ర కాగితాలే, మేనేజర్ ముక్కు మీద కూడా.

ఆవిడ ఆ ముక్కుతోనే అడిగింది: "మన కొత్త పని పిల్లల ఆసుపత్రికి. ఇంజెక్షన్ అంటే ఏడ్చే పిల్లలకి మన యాప్ ఏం చెయ్యాలి?"

"పిల్లాడి చేత నర్సుని కోడిని చేయించాలి. సూది ఆ తర్వాత" అన్నాను. వరంగల్ అబ్బాయి వెంటనే ఫోను కెమెరాతో అదెలా చెయ్యొచ్చో చెప్పడం మొదలుపెట్టాడు.

మర్నాడు మా ఇద్దరికీ చోటు ఖాయమైంది. "సోమవారం నుంచి ఆసుపత్రికి వెళ్లు. పిల్లలతో ఆడుకో. ప్రస్తుతానికి నీ ఉద్యోగం అదే" అంది మేనేజర్.

కారులో కూర్చుని ఏడ్చాను. సంతోషం ఉంది, దానికి మించిన కోపమూ ఉంది. ఆ పని నాకు ఏడేళ్లప్పుడే చక్కగా వచ్చు. అది మానేసి బుద్ధిగా చదువుకోమన్నారు, మానేశాను.