బాలమణి చేతివాసి

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. అది బరువని మొదట్లో తెలియలేదు. ఎవరింట్లోనైనా పురుడు జరిగిందని వినగానే గొంతు దాకా వచ్చి అడ్డం పడేది. మింగేసేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు కామారెడ్డిలో ఉండేవాళ్లం. ఎనభైల్లో మాట. పెళ్లయిన ఏడాదికే మా ఆయన మస్కట్ పోయాడు. పోయే ముందు హైదరాబాదు నుంచి మూడు బంగారు చేపలను పాలిథిన్ కవర్లో రైల్లో పట్టుకొచ్చి, గాజు తొట్టిలో వేసి, "నేనొచ్చేదాక వీటిని పైలంగ చూస్కో" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వులాటగా తీసుకోలేదు. ఇవి బాగుంటే అక్కడ ఆయన బాగుంటాడని మనసులో ముడి వేసుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే వేసుకున్నాను.

ఇంట్లో అత్తమ్మ, నేను. వెనక అర్రలో బాలమణి అద్దెకుండేది. నాకంటే పదేళ్లు పెద్ద. పుట్టిల్లు ఎల్లారెడ్డి. భర్త పోయాక బతుకుదెరువు కోసం ఇటు వచ్చింది. వరండాలో కూర్చుని బీడీలు చుట్టేది. కానీ వాడకట్టులో ఆమెకు పేరొచ్చింది బీడీలతో కాదు. బాలింతల ఇళ్లకు పోయి పసిపిల్లలకు నీళ్లు పోసేది. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రుద్దిందంటే ఎంత ఏడ్చే బిడ్డైనా అక్కడే కునుకు తీసేది. "బాలమణి చెయ్యి పడ్డ పిల్ల గట్టిగుంటది" అనేవాళ్లు. ఆమెకున్న ఆస్తి ఆ చేతివాసి ఒక్కటే.

రెండో నెలలో ఒక చేప తోక మీద దూది అతుక్కున్నట్టు తెల్లగా కనిపించింది. వేలితో తీయబోయాను. ఊడిరాలేదు. మా వీధిలోనే ఉండే సైన్సు సారును అడిగితే అది బూజు అన్నాడు. నల్లా నీళ్లలోని బ్లీచింగు చేప ఒంటి మీది జిగటను తినేస్తుందట, అప్పుడు బూజు పడుతుందట. నీళ్లను ఒక రోజంతా నిలవబెట్టి పొయ్యమన్నాడు. జబ్బు చేపను వేరే గిన్నెలో, దొడ్డుప్పు కలిపిన నీళ్లలో కాసేపు ఉంచమన్నాడు. మేత తిన్నంతే వెయ్యాలి, మిగిలింది కుళ్లితే మళ్లీ బూజే అన్నాడు. అన్నీ చేశాను. నీళ్లు నిలవబెట్టడానికి ఇంట్లో అన్నిటికన్నా మంచి పాత్ర తీశాను, అత్తమ్మ రాగి బిందె. రాగిలో నిలవున్న నీళ్లు ఒంటికి మంచివని పుట్టినప్పటి నుంచి విన్నదాన్నే కదా. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి మరీ నింపేదాన్ని.

వారానికోసారి నీళ్లు మార్చేదాన్ని. మార్చిన మర్నాడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి. బూజు తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టేది. నెల తిరక్కుండానే రెండు చచ్చిపోయాయి. ఆ వారమే మస్కట్ నుంచి రావలసిన ఉత్తరం రాలేదు.

ఇంత చేస్తుంటే ఎందుకు చస్తున్నాయి? నా చేతుల్లో ఏమైనా తప్పుందా అని ఒక్కసారైనా నన్ను నేను అడిగానా? లేదు. ఎవరో చేస్తున్నారనుకున్నాను. అనుమానం పెనుభూతం అంటారు. భూతమైతే మంత్రానికి దిగుతుంది, నాది దిగలేదు.

బాలమణి చేతులు చూడటం మొదలుపెట్టాను. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద తంబాకు పొడి. అది నీళ్లలో పడితే చేప బతుకుతుందా? ఆమె తొట్టి పక్క నుంచి పోతే చాలు, నా చూపు వెంటపడేది. ఇంకో సంగతి కూడా ఉంది, దాచను. నేను గదిలో ఏడిస్తే అత్తమ్మకు తెలిసిపోయేది. మా ఆయన ఉత్తరంలో ఏం రాశాడో కూడా తెలిసిపోయేది. ఇవన్నీ మోసేది బాలమణేనని నాకు గట్టి నమ్మకం. ఒక రోజు తొట్టికి మూతగా పెట్టిన చెక్క మీద, ఎవరైనా తీస్తే తెలుస్తుందని, అడ్డంగా సన్నటి దారం పరిచాను. మధ్యాహ్నానికి అది కింద పడి ఉంది. గాలికి పడిందేమో, అత్తమ్మ దుమ్ము దులిపిందేమో. అవేవీ నాకు తోచలేదు. తోచనివ్వలేదు.

నల్లా నీళ్లు పట్టుకోవడానికి ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చారు. వాళ్లు వచ్చేదాకా ఆగాను. అది కూడా రాస్తున్నాను.

"అక్కా, చేపల తొట్టిల చెయ్యి పెట్టినవా?"

"నేనెందుకు పెడ్త చెల్లె?"

"మరి దారం ఎట్ల కదిలింది?"

"ఏం దారం?" అని తన చేతులు చూసుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని మనసులో అనుకున్నాను. "నా చేతులకు తంబాకు ఉంటదని నాకు తెల్వదా? బాలింత ఇంటికి పోయే ముందు సున్నిపిండితోని మూడుసార్లు కడుగుత. గంత సోయి లేనిదాన్ననుకున్నవా?"

అక్కడ ఆగవలసింది. ఆగలేదు. "నీ చెయ్యి తాకినయి బతుకుతలేవక్కా" అన్నాను.

ఆ ఇద్దరూ తలలు వంచుకుని బిందెలెత్తుకుని పోయారు. బిందెలతో పాటు నా మాట కూడా పోయింది. పసిపిల్ల ఉన్న ఒక ఇంటివాళ్లు రేపటి నుంచి రావద్దని కబురు పెట్టారు. తర్వాత ఇంకో ఇల్లు. కొత్తగా ఎవరూ పిలవలేదు. ఇరవై రోజులకు బాలమణి సంచి సర్దుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది. నాతో కొట్లాడలేదు. కొట్లాడితే బాగుండేది.

మిగిలిన చేపకు మళ్లీ బూజు పట్టింది. బాలమణి లేదు కదా, మరి ఇప్పుడెవరు? సారు దగ్గరికి పరుగెత్తాను. నీళ్లు ఏ పాత్రలో నిలవబెడుతున్నావని ఆయన అప్పుడు అడిగాడు. చెప్పాను. "రాగి మనకు మంచిదేనమ్మా, చేపలకు విషం. చింతపండుతోని తోముతే ఇంకింత దిగుతది. ప్లాస్టిక్ బకెట్ల పెట్టు" అన్నాడు. బకెట్ కొన్నాను. ఉప్పు నీళ్లు పట్టాను. పది రోజుల్లో చేప ఒళ్లు తేటపడింది, తోక విప్పుకుని తిరగసాగింది.

నీళ్లకొచ్చిన ఆడవాళ్లు దాన్ని చూశారు. "చూసినవా, బాలమణి పోయినంక చేప మంచిగైంది" అన్నారు. అత్తమ్మ నా ముఖం వంక చూసింది.

బిందె వల్ల అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. సారు చెప్పి అప్పటికి పక్షం రోజులు కూడా కాలేదు. నేను "అవును" అన్నాను.

ఇదే నా తప్పు. మొదటిసారి తెలియక అన్నానని సర్దుకోవచ్చు. ఇది తెలిసి అన్నది. ఎందుకన్నాను? కొడుకు తెచ్చిన చేపలను నేనే చంపానని అత్తమ్మ అంటుందన్న భయం కొంత. అంత మందిలో నోరు జారి ఇప్పుడు తలెలా వంచను అన్న పొగరు కొంత. అసలు నిజం ఇంకా చిన్నది: ఆమె లేని ఇల్లు నాకు హాయిగా ఉంది. నేను ఏడ్చిన సంగతులు మాత్రం ఆ తర్వాత కూడా అత్తమ్మకు తెలుస్తూనే ఉన్నాయి. మా ఆయన తిరిగొచ్చాక ఆయనకూ బాలమణి పేరే చెప్పాను.

కొన్నేళ్లకు ఒక పెళ్లికి ఎల్లారెడ్డి వెళ్లాను. తిరుగు ప్రయాణంలో బస్టాండులో నిలబడ్డాను, చంకలో ఎనిమిది నెలల నా కూతురు. బాలమణి కనిపించింది. చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టి తనే దగ్గరికొచ్చి, మంచిగున్నవా అని అడిగింది. నా బిడ్డ ఆమెను చూసి రెండు చేతులూ చాపి ముందుకు వాలింది. బాలమణి ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కొంగులో చుట్టేసుకుంది.

"చంటిపిల్లలను ముడ్తలేను చెల్లె. నా చెయ్యి మంచిది కాదు" అంది.

కోపంతో అనలేదు. ఎత్తిపొడుపు కూడా కాదు. నా కూతురికి ఏమైనా అవుతుందేమోనని భయపడి అంది. నా అబద్ధాన్ని ఆమె కూడా నమ్మేసింది.

చెప్పడానికి సమయం ఉంది. బస్సు ఇంకా రాలేదు. బిడ్డ ఆమె వైపే చేతులు చాపి ఏడుస్తోంది. నేను దాన్ని ఇటు తిప్పుకుని, వీపు తడుతూ నిలబడ్డాను. బస్సొచ్చాక ఎక్కాను.

తర్వాత ఆమెను వెతకలేదు. వెతికితే దొరుకుతుందని భయం. ఇప్పుడు ఉందో లేదో తెలియదు.

చేపలను చంపింది నేను. బాలమణి వాటిని ముట్టనే లేదు. ఆ సంగతి తెలిసి కూడా అవునన్నాను. ఈ మూడు మాటలు రాశాక గుండె కొంత తేలికైంది. ఆమెకు ఏం తేలికైంది?